పోలిక ఎంతకిస్తవ్?

నేను పుట్టిన పూట మా నాయనమ్మ గుమ్మం అవతల నిలబడి మంత్రసానితో బేరమాడుతూ ఉందట. ఆడపిల్ల గనక కొంత తగ్గించుకోమని ఈమె, ఎవరు పుట్టినా తన కష్టం ఒకటే కదా అని ఆమె. చివరికి ఎంతకు తెగిందో నాకెవరూ చెప్పలేదు. తగ్గింపు ధరకు లోకంలోకి వచ్చినదాన్ని కాబట్టి ఆ తర్వాత ఏ వస్తువునూ పూర్తి ధర పెట్టి కొనలేకపోయాను. ఇప్పటికీ బస్సు టికెట్టు తీసుకునేటప్పుడు ఒక్క క్షణం కండక్టరు ముఖంలోకి చూస్తాను, ఏమైనా వీలుందేమోనని.

మాది దిల్‌సుఖ్‌నగర్‌లో రోడ్డు మీది కిరాణా దుకాణం. ఆ చోటు ఎవరికైనా చూపిద్దామంటే ఇప్పుడు వేలు పెట్టే సందు లేదు. అప్పుడు మాత్రం దుకాణం వెనక మెట్టు మీద నిలబడితే ద్రాక్షతోటలు కనిపించేవి. ఎల్‌బీ నగర్ వైపు నడుస్తూ పోతే ఇళ్ళు పలచబడి, గుట్టలూ తుప్పలూ మొదలై, విజయవాడ లారీలు ఆగే చాయ్ హోటల్ దగ్గర ఊరు అయిపోయేది.

దుకాణదారుల ఇంట్లో పిల్లలకు అక్షరాల కంటే ముందు మనుషుల్ని చదవడం వస్తుంది. మా నాయిన దగ్గర సూత్రాలు ఉండేవి. చేతిలో సంచి ఉన్నవాడు కొంటాడు. గొడుగు ఉన్నవాడు వానకు ఆగాడు. చంటిపిల్లను చంకనేసుకొచ్చిన తల్లి రెండో మాటకే ఒప్పుకుంటుంది. ‘ఊరికే అడుగుతున్న’ అన్నవాడు తప్పకుండా కొంటాడు. ‘తప్పకుండ కొంటా’ అన్నవాడు ఊరికే అడుగుతున్నాడు. ఈ సూత్రాలు తప్పిన రోజులు బోలెడు. తప్పినవి నాయినకు గుర్తుండేవి కావు, ఫలించినవి మాత్రం తారీఖుతో సహా చెప్పేవాడు. దీన్ని ఎవరూ జబ్బు అనలేదు. అనుభవం అనేవారు.

అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమం వచ్చి కాలేజీలు మూతపడ్డాయి. నేను డిగ్రీ రెండో ఏడు. పొద్దున స్నేహితురాళ్ళతో ఊరేగింపులో గొంతు చించుకుని నినాదాలు చేసి, మధ్యాహ్నం అదే బొంగురు గొంతుతో గల్లా మీద కూర్చుని చింతపండు బేరమాడేదాన్ని. గొంతు పోయినందువల్ల ఆ ఏడు నా బేరాలన్నీ మెత్తగా సాగాయని అమ్మ అనేది.

ఉద్యోగాల గురించి మేమడిగింది న్యాయమే, ఇప్పటికీ అదే అంటాను. అయితే న్యాయమైన మాట కూడా వీధిలోకి వచ్చేసరికి ‘వాళ్ళందరూ’, ‘వీళ్ళందరూ’ అనే రెండు మూటలుగా కట్టుకుపోయింది. ఎవరిది ఏ మూటో ‘అండీ’ అన్న ఒక్క మాటతో తేల్చేసేవాళ్ళం. మనుషుల్ని మూటలు కట్టడంలో మా నాయినకు అప్పటికే మంచి చెయ్యి కదా, ఆయనకు ఇదేమీ కొత్తగా అనిపించలేదు.

ఆ ఎండాకాలంలోనే చిన్నాయన దవాఖాన నుంచి ఇంటికి వచ్చాడు.

చిన్నాయన అంటే నాయిన తమ్ముడు. పెళ్ళి కాలేదు. జబ్బు పడకముందు మా దుకాణంలో తరాజు ఆయనదే. ఆయన చేత్తో తరాజు ఎత్తితే పైనున్న ముల్లు నిటారుగా నిలబడేదనీ, ఆ ముల్లును చూడటానికే కొందరు పావుకిలో కొనేవారనీ చెప్పుకునేవారు. తర్వాత ఎవరూ అననివి వినపడటం మొదలైంది. లారీల వెనక రాసి ఉన్న మాటలు తన గురించేనని రోడ్డు మధ్యలో నిలబడి చదివేవాడు. దవాఖానలో చాలాకాలం ఉన్నాడు. జబ్బు పేరు స్కిజోఫ్రీనియా. నాయినకు ఆ పేరు నోరు తిరగక ‘గా పెద్ద పేరు’ అనేవాడు. ఇంటికి వచ్చేనాటికి మాటలు వినపడటం చాలావరకు తగ్గింది. గోలీలు మాత్రం రోజూ వేసుకోవాలి.

వచ్చిన మర్నాడే చిన్నాయన అడిగాడు. “అన్నా, దుకాన్ల కూసుంట. తరాజు వట్టుకుంట.”

నాయిన తల గోక్కున్నాడు. “డాక్టర్ సాబ్‌ను అడుగుదాం తియ్.”

డాక్టరు ఊరికి ఆ చివరన ఉండేవాడు. ముగ్గురం బస్సులు మారి వెళ్ళాం. సన్నటి మనిషి, నెమ్మదైన మాట. చిన్నాయన ముందు బల్ల మీద కొన్ని బొమ్మల అట్టలు పరిచాడు. ఆవు, గుర్రం, బండి, పడవ, కత్తెర, సూది, మామిడిపండు, అరటిపండు. “ఏవి ఏవి ఒక జట్టో వేరు చేసి పెట్టండి” అన్నాడు.

చిన్నాయన ఆవునూ పడవనూ పక్కపక్కన పెట్టాడు. “కింద పండుకొని సూస్తే రెండిటి పొట్ట ఒక్కతీరు.” బండికి కత్తెరను జత చేశాడు. “చక్రమన్నా, కత్తెర అలుగన్నా ఒకటి ఇరిగితే రెండోది పనికిరాదు.” మామిడిపండు దగ్గర సూదిని పెట్టి మావైపు చూశాడు. “దారం ఎక్కియ్యాల్నంటే నోట్లె వెట్టి తడి జేస్తం గద. మామిడిపండుకు ఎట్లన్నా నోరు తడే.”

నాయిన ముఖం పాలిపోయింది. నాకు మాత్రం చప్పట్లు కొట్టాలనిపించింది.

డాక్టరు నవ్వకుండా అట్టలు కలిపి నాయిన ముందు పరిచాడు. “ఇప్పుడు మీరు.”

నాయిన ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. “గివి రెండు తెల్లారితే మెత్తవడ్తయ్, ముందుగాల అమ్మాలె. గివి రెండు మేత అడుగుతయ్, అసలే ఒద్దు. గివి నాలుగు మూలకు వడి ఉన్నా పైస అడగవ్.”

తర్వాత నా వంతు. నేను బేరమాడితే తగ్గేవి, తగ్గనివి అని రెండు జట్లు చేశాను. సూది తగ్గదు. ఆవు ఎంతైనా తగ్గుతుంది.

ఈసారి డాక్టరు గట్టిగా నవ్వాడు. “మీ ఇంట్లో మందు ఎవరికి రాయాలో నాకే అనుమానం వస్తోంది” అని, మళ్ళీ నెమ్మదిగా చెప్పాడు. “తేడా ఎక్కడుందో చూడండి. మీరిద్దరూ ఒక గుణం పట్టుకుని చివరిదాకా దానితోనే నడిచారు. వ్యాపారం చెయ్యనివాళ్ళకు కూడా అది అర్థమవుతుంది. ఆయన చెప్పిన పోలికల్లో ఏదీ అబద్ధం కాదు. కానీ ప్రతి జతకూ గుణం మారిపోతోంది. మామూలుగా మన బుర్ర దూరపు పోలికల్ని మనకు తెలియకుండానే పక్కకు నెట్టేస్తుంది. ఆయనకు దగ్గరిదీ దూరానిదీ ఒకే బలంతో ముందుకొస్తున్నాయి. ఇంకో మాట. ఈ జబ్బున్న వాళ్ళందరూ ఇలాగే ఆలోచిస్తారని ఊళ్ళో చెప్పకండి. అలా చెబితే ఆ పొరపాటు మీదవుతుంది.”

బస్సులో ఇంటికి వస్తూ ఆ మాటను నా భాషలోకి మార్చుకున్నాను. అందరి బుర్రలోనూ ఒక బేరగాడు కూర్చుని ఉంటాడు. ఏదైనా పోలిక తోచగానే ‘ఇంత ధరా? తగ్గించు, తగ్గించు’ అంటాడు. సూదికీ మామిడిపండుకూ ఉన్న పోలికకు దమ్మిడీ ఇవ్వకుండా వెళ్ళగొడతాడు. చిన్నాయన బుర్రలో ఆ బేరగాడు సెలవు పెట్టాడు. వచ్చిన ప్రతి పోలికకూ అడిగినంతా దక్కుతోంది. నా బుర్రలో చూస్తే వాడు తప్ప ఇంకెవరూ ఉన్నట్టు లేరు.

నాయిన ఒక ఒప్పందం చేశాడు. దసరా వరకు చిన్నాయన నా కళ్ళ ముందు దుకాణంలో కూర్చోవచ్చు. గిరాకులు బెదరకపోతే దసరా పూజ తర్వాత తరాజు ఆయన చేతికి. బెదిరితే అబ్దుల్లాపూర్‌మెట్‌లో మా మేనత్త ఇంటికి పోయి అక్కడే ఉండాలి. దసరానాడు తూకపు బాట్లనూ తరాజునూ చింతపండుతో తోమి, పసుపు కుంకుమ పెట్టి, పూజయ్యాక మొదటి తూకం ఎవరు వేస్తే ఏడాదంతా ఆ చెయ్యే దుకాణానిది. మా ఇంట్లో అది రాసుకోని రిజిస్ట్రీ.

మేనత్త మంచిదే. రెండు ఆవులున్నాయి, తిండికి లోటు లేదు. చిన్నాయన ఒక్క మాటే అన్నాడు. “ఆడ తరాజు లేదు గద బిడ్డా.”

మొదటివారం బాగా గడిచింది. రెండోవారం నేను ఊరేగింపు నుంచి వచ్చేసరికి దుకాణం మారిపోయి ఉంది. తాళాల పక్కన సబ్బులున్నాయి. కొబ్బరికాయల పక్కన అగ్గిపెట్టెలున్నాయి.

“గిదేంది చిన్నాయనా?”

“సబ్బు, తాళం, రెండూ బయటిదాన్ని బయటనే ఉంచుతయ్. కొబ్బరికాయను, అగ్గిపెట్టెను కొనేముంగట చెవికాడ వెట్టుకొని ఊపి సూడరా మనుషులు?”

చూస్తారు. పుట్టినప్పటి నుంచి చూస్తున్నాను. నాకెప్పుడూ తోచలేదు.

కొందరు గిరాకులు ఆ వరసను చూసి పక్క దుకాణానికి నడిచిపోయారు. నాయిన వాళ్ళ వీపులు చూస్తూ నిలబడ్డాడు. మరికొందరికి అది వినోదమైంది. వెనకవీధిలో కిరాయికుండే ఒకావిడ, గుంటూరు వైపు మనిషి, భర్త ఆఫీసులో గుమాస్తా, సబ్బు కోసం వచ్చి నోరు తెరిచింది.

“అదేంటమ్మాయ్, సబ్బడిగితే తాళాల దగ్గర వెతుకుతున్నావ్? మీ కొట్లో ఉప్పు కావాలంటే ఎక్కడ చూడాలి, దేవుడి పటాల దగ్గరా?”

చిన్నాయన గంభీరంగా ఆలోచించాడు. “పెట్టొచ్చు. రెండూ ఇంట్ల లేకుంటే గాని యాదికి రావు.”

ఆవిడ పమిట అడ్డం పెట్టుకుని నవ్వి, కందిపప్పు డబ్బా మూత తీసి, పప్పు చూడకుండా ముందు మూత వాసన చూసింది. ఆమెకు అది అలవాటు. అల్మాస్‌గూడ నుంచి వచ్చే బడి ఆయమ్మ ఒకామె ఉండేది, మెడలో చిన్న సిలువ, మాట కరుకు. ఆమె కూడా మూతే వాసన చూసేది. చిన్నాయన ఇద్దర్నీ ఒకే జట్టులో వేసుకున్నాడు. ఒకరోజు ఇద్దరూ ఒకేసారి వస్తే బెంచీ మీద పక్కపక్కన కూర్చోబెట్టాడు. “మీరిద్దరు ఒక్కటే కులం. మూత వాసనజూసేటోళ్ళు.” ఆయమ్మ “ఓరి నీ తెలివి” అని నొసలు కొట్టుకుంది. గుంటూరావిడ పక్కకు జరిగి చోటిచ్చింది. ఊరంతా రెండు మూటలుగా విడిపోతున్న రోజుల్లో మా బెంచీ మీద మాత్రం ఈ మూడో మూట ఒకటి కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతూ కబుర్లాడేది.

ఇక్కడ ఆపితే మా చిన్నాయన మహాజ్ఞాని అయిపోతాడు. ఆయన జ్ఞాని కాదు. మేము పొరబడినన్నిసార్లు ఆయనా పొరబడేవాడు. మా తప్పులు అందరూ చేసేవి గనక చెల్లిపోయేవి, ఆయనవి ఆయన ఒక్కడివే గనక పట్టుబడేవి. పాలాయన సైకిల్ బెల్లు వినగానే బస్తాల వెనక్కి వెళ్ళి చెవులు మూసుకునేవాడు. దవాఖాన గంట కూడా అలాగే మోగేదట. ఆ చెమటలు చూస్తే ఎవరికీ చప్పట్లు కొట్టాలనిపించదు.

అసలు ప్రమాదం పిప్పరమెంట్ల సీసా దగ్గర జరిగింది. బంద్ అని పొద్దున్నే దుకాణం సగం తెరిచి మళ్ళీ మూసేశాం. తీరిగ్గా గల్లా తుడుస్తుంటే గాజుసీసాలో తెల్లటి పిప్పరమెంట్ల మధ్య కొన్ని కొంచెం చిన్నగా, నున్నగా కనిపించాయి. చిన్నాయన గోలీలు. గోలీల డబ్బా ఖాళీగా ఉంది.

“తెల్లగున్నయ్, గుండ్రంగున్నయ్, నోట్లె వెట్టుకునేటియే గద” అన్నాడు. ఏం జరిగిందో ఆయనకు ఇంకా తోచలేదు. మూడు మాటలూ నిజమే. అవి ఎవరి నోట్లో అన్న నాలుగో సంగతి ఒక్కటే లేదు. బడి పిల్లలు రోజూ సాయంత్రం ఆ సీసా ముందే నిలబడతారు.

ఆ రోజు బంద్ గనక సీసా మూత ఎవరూ తీయలేదు. డబ్బాలో ఎన్ని ఉండాలో అన్నీ సీసాలోనే దొరికాయి. అయినా నాయిన సీసాను మొత్తం మోరీలో కుమ్మరించాడు. అరవలేదు. “దసరా అయినంక అక్కకాడికి పోతడు. తరాజు మాటెత్తకు” అన్నాడు. పెద్ద గొంతుతో అని ఉంటే నేను బేరమాడి ఉండేదాన్ని. చిన్న గొంతుతో అన్నాడు.

తర్వాత మేనత్త వచ్చినప్పుడు నాయిన ఆమెతో అంటుంటే కూడా విన్నాను. “గా దవాఖానకు వొయ్యొచ్చినోళ్ళందరూ గింతే అక్కా. బాగైనట్టే ఉంటరు.” గోడ ఇవతల చిన్నాయన కూడా ఉన్నాడు.

గోలీల డబ్బా నా దగ్గర పెట్టుకున్నాను. పొద్దున నడిపించమని డాక్టరు చెప్పాడు గనక ఇద్దరం రోజూ దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్‌బీ నగర్ చాయ్ హోటల్ దాకా నడిచేవాళ్ళం. ఆ దారిలోనే ఒక ఆట పుట్టింది. పుట్టించింది నేనని గొప్పలు చెప్పుకోను. నాకు వచ్చిన విద్య ఒక్కటే, అదే వాడాను.

“బిడ్డా, గా లారీ, మా అక్క ఒక్కతీరు” అన్నాడు ఒకరోజు.

“ఎట్ల?”

“ఎనకకు వచ్చేటప్పుడు ఎక్కువ లొల్లి జేస్తరు.”

నవ్వి నవ్వి రోడ్డు పక్కన కూలబడ్డాను. తర్వాత నోటికి అలవాటైన మాటే వచ్చింది. “బాగున్నది. ఎంతకిస్తవ్?”

“ఏంది?”

“గీ పోలిక. ఎంతకిస్తవ్?”

చిన్నాయన దుకాణంలో పుట్టినవాడు. ధర అడిగితే వెనకాడడు. “రూపాయి.”

“రూపాయా! దీంతోని ఏం పని అయితది? ఒక నవ్వు నవ్వుకుంటం. నవ్వుకు అయిదు పైసలు.”

“పది పైసలు. అక్క ఇన్నదంటే కొడ్తది, గా నష్టం సుత చూడాలె.”

పది పైసలకు తెగింది. అప్పటి నుంచి ప్రతి పోలికకూ బేరమే. సబ్బూ తాళమూ చారాణ, అంటే పావలాకు మొదలై, ‘సబ్బు కోసం వచ్చినోడు తాళం అడుగుతడా?’ అంటే దిగి దిగి అయిదు పైసల దగ్గర ఆగింది. సబ్బూ బట్టల నీలిమందూ రూపాయికి మొదలై రూపాయి దగ్గరే నిలిచింది. “గిరాకి రెండూ అడుగుతది, తగ్గియ్య” అన్నాడు ఆయనే. ఆ మధ్యాహ్నం ఎవరూ చెప్పకుండా సబ్బులు లేచి నీలిమందు దగ్గరికి వెళ్ళాయి. కొబ్బరికాయా అగ్గిపెట్టే మాత్రం విడదీయనన్నాడు. ఊపి చూసే సరుకు ఒక్కచోట ఉంటే గిరాకికి సులువట. నేను ఓడిపోయాను. ఇప్పటికీ మా వంటింట్లో ఆ రెండూ పక్కపక్కనే ఉంటాయి.

పాలాయన బెల్లు దగ్గర ఆట ఆగిపోయింది. “గా మోత, దవాఖాన గంట ఒక్కటే బిడ్డా. నన్ను తీస్కపోనీకె వస్తుండు.”

“మోత ఒక్కతీరే. ఒప్పుకుంట. ఎంతకిస్తవ్?”

“గిది అమ్మను.” ముఖం బిగుసుకుపోయింది.

అమ్మనన్న సరుకును ఏం చేయాలో కూడా మా వీధిలో నేర్పుతారు. “సరే, అమ్మకు. కిరాయికియ్యి. పాలాయన పాలు వోసి పొయ్యేదాంక, అంతే.”

చాలాసేపు ఆలోచించి కిరాయికిచ్చాడు. మర్నాడు బస్తాల వెనక్కి వెళ్ళలేదు. గల్లా అంచు గట్టిగా పట్టుకుని నిలబడ్డాడు. బెల్లు మోగింది, పాలు పడ్డాయి, సైకిల్ వెళ్ళిపోయింది.

“పోయిండు” అన్నాడు. “తీస్కపోలే.”

“అయితే రేపటి సంది కిరాయి తగ్గాలె.”

తర్వాతిసారి డాక్టరుకు ఈ సంగతి చెబితే, గోలీల పని గోలీలను చెయ్యనివ్వమనీ, మా ఆటను మానొద్దనీ, ఆయన్ని అబద్ధాలకోరు మాత్రం అనొద్దనీ అన్నాడు. తర్వాతి ఏళ్ళలో చిన్నాయన మళ్ళీ దవాఖానకు వెళ్ళిన రోజులూ ఉన్నాయి. ఆట మందు కాదు. మేమిద్దరం ఒకే రోడ్డు మీద నడవడానికి దొరికిన వీలు, అంతే.

వానాకాలం వెళ్ళి బతుకమ్మలు వచ్చాయి. ఊరేగింపులు పలచబడ్డాయి. దసరా పొద్దున చిన్నాయన పెట్టె సర్ది అరుగు మీద పెట్టారు. సాయంత్రం జమ్మి అయ్యాక మేనత్తతో ప్రయాణం. దుకాణంలో పూజ ముగిసింది. తోమిన తరాజు బంగారంలా మెరుస్తూ చిలక్కొయ్యకు వేలాడుతోంది. నాయిన తానే మొదటి తూకం వేయడానికి పంచె ఎగ్గట్టాడు. అప్పుడే గడప ముందు గుంటూరావిడ కనిపించింది. ఊళ్ళో గొడవలు ముదిరినప్పటి నుంచి వాళ్ళాయన వద్దనడంతో దుకాణానికి రావడం మానేసిన మనిషి. లోపలికి రావాలో వద్దో తెలియనట్టు ఆగింది.

“శెట్టిగారూ, అరకిలో బెల్లం కావాలి. కొట్టు తెరిచారా, ఇంకా లేదా?”

నాయిన నాకు మాత్రం వినపడేలా గొణిగాడు. “పండుగపూట ఈమె బోణీనా? ఈళ్ళందరూ గింతే, అవుసరమైతెనే వస్తరు.”

నాకు వినపడింది చిన్నాయనకూ వినపడింది. ఆయన నెమ్మదిగా గల్లా దగ్గరికి వచ్చాడు.

“అన్నా, అందరూ అన్నవు. గా మాట ఎంతకిస్తవ్?”

“ఏందిరా?”

“గా మాట. ఎంతకిస్తవ్?”

నాయినకు మా ఆట తెలియదు. కానీ ఎదుటివాడు ధర అడిగితే నోరు తనంతట తానే పలుకుతుంది. “రూపాయి” అనేశాడు. అన్నాక తెల్లబోయాడు.

“రూపాయి ఎక్కువైతది. అందరంటే నీకెందరు ఎరుక?”

“ఈమె. ఈమె పెనిమిటి. పోస్టాఫీసాయన.”

“పోస్టాఫీసాయన ఎట్లాంటోడు?”

“గాయన మంచోడే. మొన్న మనియార్డరు ఇంటికొచ్చి ఇచ్చిండు.”

“అయితే గాయన్ని తీసెయ్. చారాణ తగ్గింది, బారాణ. ఈమె పెనిమిటి?”

“నాతోని ఎన్నడు మాట్లాడనే లేదు.”

“మాట్లాడనోన్ని ఏ బాటుతోని తూచినవ్ అన్నా? ఆఠాణ. ఇంగ ఈమెనే మిగిలింది. ఈమె ఏం జేసింది?”

నాయిన వెతికాడు. నిజంగానే వెతికాడు. “పప్పు డబ్బ మూత వాసనజూస్తది!”

గడప దగ్గర గుంటూరావిడకు ఏ బేరం జరుగుతోందో తెలియకపోయినా ఈ మాట మాత్రం చెవిన పడింది. “అయ్యో, చూస్తే తప్పేంటండీ? పప్పు అబద్ధమాడుతుందేమో గాని మూత అబద్ధమాడదు!” అంది. నేను పకపకా నవ్వాను. నాయిన మూతి కూడా ఒక పక్కకు జారింది.

“దానికి అయిదు పైసలు కూడ రావు” అన్నాడు చిన్నాయన. ఆ తర్వాత అదే గొంతుతో, కళ్ళు తరాజు మీద పెట్టి, “ఇంగొకటి ఉన్నది. దవాఖానకు వొయ్యొచ్చినోళ్ళందరూ గింతే అన్నవు, అక్కతోని. గది ఎంతకిస్తవ్?”

నా నవ్వు ఆగిపోయింది. నాయిన ముఖం ఎర్రబడింది.

“గా అందరిల నీకు ఎరుకైనోన్ని నేనొక్కన్నే గద అన్నా.”

“మరి పిప్పరమెంట్ల సీస?” అన్నాడు నాయిన. “గది ఎంతకు తీస్తవ్ రా? పిలగాండ్లు…”

“గది పూర్తి ధర” అన్నాడు చిన్నాయన. “ఒక్క పైస తగ్గియ్యమని అడగ. గందుకే గోలీల డబ్బ బిడ్డకాడ ఉన్నది. ఆడనే ఉంటది. నేను ముట్ట. గది నేను జేసిన తప్పు. అందరిది గాదు.”

తన సరుకుకు తానే పూర్తి ధర కట్టిన మనిషిని నేను అదే మొదటిసారి చూడటం. నాయిన కూడా అంతే అనుకుంటాను. ఇన్నేళ్ళ వ్యాపారంలో ఇలాంటి బేరం ఆయనకు తగల్లేదు. పంచె కిందికి దించుకున్నాడు. చిలక్కొయ్య మీది తరాజు తీశాడు.

“నేనన్న గా మాటకు ధర లేదు” అన్నాడు. “కొసరు కింద తీస్కపో.”

తరాజును తమ్ముడి చేతిలో పెట్టాడు. అరుగు మీది పెట్టెను మేనత్త వైపు చూడకుండా కాలితో లోపలికి జరిపాడు. మేనత్త మాత్రం “నేనొక్కదాన్ని బస్సెక్కితే కిరాయి సుత సగమే” అంది. ఆమె కూడా మా ఇంటి బిడ్డే మరి.

చిన్నాయన ఒక పళ్ళెంలో అరకిలో బాటు పెట్టాడు, రెండో దాంట్లో బెల్లం. ఎత్తాడు. పళ్ళాలు కొద్దిగా ఊగి నిలిచాయి. ముల్లు నిటారుగా నిలబడింది. దుకాణంలో అందరం, బెల్లం కొనే ఆవిడతో సహా, తలలెత్తి ఆ ముల్లునే చూశాం.

“ఇన్నాళ్ళూ తూకం వదిలేసి ఎక్కడికెళ్ళారండీ మీరు? ఇంత సరిగ్గా తూచే చెయ్యి పెట్టుకుని!” అంది గుంటూరావిడ.

“ఈడనే ఉన్న” అన్నాడు చిన్నాయన. బెల్లం పొట్లం కట్టి, కొసరుగా ఇంకో చిన్న ముక్క పైన పెట్టాడు. ఆవిడ చెయ్యి చాపి గల్లా మీదున్న కొత్త గాజుసీసాను చూపించింది. “పండగ కదా, బెల్లం బదులు నాలుగు పిప్పరమెంట్లు వెయ్యకూడదూ కొసరుకి?”

చిన్నాయన సీసా మీద అరచెయ్యి పెట్టి నా వైపు చూశాడు. “గవి బిడ్డ ఇస్తదమ్మా. నాది బెల్లందాంకనే.”

నేను గల్లా దిగి వచ్చి సీసా మూత తీశాను. ఇచ్చేముందు ఆవిడ చూస్తుండగానే నేను కూడా ఆ మూతను ఒకసారి వాసన చూశాను. ఉత్త పిప్పరమెంటు వాసన. నాయిన అది చూసి, “ఇగో, నా బిడ్డ సుత గా కులంల కలిసింది” అని నెత్తి కొట్టుకుంటూ, నవ్వుతూ, జమ్మి ఆకు తేవడానికి బయటికి నడిచాడు.